తాతగారి జీపు పికప్‌లో రోజూ ఆఫీసుకు వెళ్ళొచ్చా?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. నేను ఉప్పల్‌లో ఉంటూ మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా తాతగారి మహీంద్రా జీపు పికప్, 1973 మోడల్, పెట్రోల్ బండి, ఏళ్ళ తరబడి ఊళ్ళో చింతచెట్టు కింద పడి ఉండేది. నిరుడు తాతగారు పోయాక దాన్ని బాగుచేయించి నడుపుతున్నాను. లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇవ్వడం కూడా కష్టంగా ఉంది. అమెరికాలో ఇంతకంటే పాత ఫోర్డ్, షెవర్లే పికప్‌లను రోజూ ఆఫీసుకు వేసుకెళ్తారని, వాటి మైలేజీ ఇరవై దాకా ఉంటుందని మా ఫ్రెండ్ చెబుతున్నాడు. మెకానిక్ ఏమో డీజిల్ ఇంజన్ వేయించేయమంటున్నాడు. నాన్నగారు తుక్కు కింద అమ్మేద్దామంటున్నారు. నాకు మాత్రం రోజూ అందులోనే ఆఫీసుకు వెళ్ళాలని ఉంది. మైలేజీ ఎంతవరకు పెంచుకోవచ్చు? రోజువారీ వాడకం కుదురుతుందా?
— ఒక పాఠకుడు, ఉప్పల్

సమాధానం: విషయం ముందే చెప్పేస్తాను. ఐదు ఇస్తున్న మీ పికప్ చేత సిటీలో ఏడు, ఖాళీ రోడ్డు మీద ఎనిమిది ఇప్పించవచ్చు. దానికి ఇంజన్ మార్చనక్కర్లేదు. కానీ ఎంత బాగుచేయించినా ఉప్పల్ నుంచి మాదాపూర్‌కు రోజూ తిరగాల్సిన బండి కాదది. అలాగని తుక్కుకు వేయాల్సిన బండి అంతకన్నా కాదు.

డబ్బు లెక్క చూద్దాం. హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట మీదుగా వెళ్ళి రావడానికి 50 కిలోమీటర్లు అనుకోండి. పెట్రోల్ లీటరు 107 రూపాయలు వేసుకుందాం. లీటరుకు 5 కిలోమీటర్లయితే రోజుకు 10 లీటర్లు, అంటే 1,070 రూపాయలు. నెలకు 22 రోజులు ఆఫీసుంటే 23,540. మైలేజీ 7కి తెచ్చుకుంటే నెలకు సుమారు 16,800. అదే 18 ఇచ్చే చిన్న కారుకైతే ఆరున్నర వేలు.

ఈ అంకెల్లో ఒక సంగతి చాలామంది గమనించరు. 5 నుంచి 7కి పెరిగితే పెరిగింది రెండు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ 50 కిలోమీటర్లకు మిగిలేది దాదాపు 2.9 లీటర్లు. 18 ఇచ్చే కారును 20కి తెచ్చినా పెరిగేది ఆ రెండు కిలోమీటర్లే, మిగిలేది మాత్రం పావు లీటరు చిల్లర. తక్కువ మైలేజీ బండికి చేయించే ప్రతి చిన్న రిపేరూ పది రెట్లు డబ్బు వెనక్కి తెస్తుందన్నమాట. కాబట్టి పాత బండికి ఖర్చు దండగ అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. వారానికి ఒక్కరోజు తీసినా బాగుచేయించే తీయండి.

మీ ఫ్రెండ్ చెప్పిన ఇరవై సంగతి. అమెరికావాళ్ళు చెప్పేది గ్యాలన్‌కు ఎన్ని మైళ్ళు అని. వాళ్ళ గ్యాలన్ 3.785 లీటర్లు, మైలు 1.609 కిలోమీటర్లు. వాళ్ళ ఇరవై మన లెక్కలో లీటరుకు 8.5 కిలోమీటర్లు. బ్రిటిష్ గ్యాలన్ ఇంకా పెద్దది, 4.546 లీటర్లు. ఆ గ్యాలన్‌తో చెప్పిన ఇరవై మనకు 7 మాత్రమే. మీ తాతగారి దగ్గర పాత మాన్యువల్ ఏదైనా దొరికితే అందులో రాసింది ఏ గ్యాలనో చూసుకోండి. పైగా ఆ ఇరవై కూడా అందరికీ వచ్చేది కాదు. ఆ రోజుల ఫోర్డ్ పికప్‌లలో 300 క్యూబిక్ ఇంచుల, అంటే 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌కు మంచి పేరుంది. 1965 నుంచి 1996 దాకా తయారైంది. దాని యజమానులు మామూలుగా చెప్పుకునేది 12 నుంచి 16. మన లెక్కలో 5 నుంచి 7 లోపు. మీ జీపు కంటే గొప్పేమీ కాదు. వాళ్ళకు కలిసొచ్చేది రోడ్డు. ఊరి బయట నుంచి హైవే ఎక్కితే ఒకే వేగంతో ఆఫీసు దాకా వెళ్ళిపోతారు. మీకు ఉప్పల్ రింగ్ రోడ్డు దాటకముందే ఎన్నిసార్లు క్లచ్ తొక్కాలో మీకు తెలుసు.

మీ బండి తక్కువ ఇవ్వడానికి సగం కారణం దాని పుట్టుకలోనే ఉంది. అది 2.2 లీటర్ల విల్లీస్ హరికేన్ ఇంజన్. లోపలికి గాలి తీసుకునే వాల్వు పైన హెడ్‌లో, పొగ వదిలే వాల్వు పక్కన బ్లాకులో ఉంటాయి. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందన్నది, ఏడుకు అటూ ఇటూ. ఇప్పటి పెట్రోల్ కార్లలో పది దాటి ఉంటుంది. కంప్రెషన్ తక్కువైతే అదే పెట్రోల్ చుక్క నుంచి వచ్చే పనీ తక్కువే. ఈ ఇంజన్ దున్నిన పొలంలోనూ బురద బాటలోనూ లాగడానికి తయారైంది. యాక్సిల్ నిష్పత్తి చాలా జీపుల్లో 5.38, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్టు ఐదుసార్లకు పైగా తిరగాలి. అందుకే అరవై దాటగానే ఇంజన్ అరుస్తుంది. నలభై ఐదు, యాభై మధ్య హాయిగా పోతుంది. ఇప్పటి బండి బేగంపేట ఫ్లైఓవర్ దిగేటప్పుడు కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి. మీ బండిలో గాలికి పెట్రోల్ కలిపేది కార్బొరేటర్. దానికి ఆ తెలివి లేదు, దిగుడులోనూ పీలుస్తూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా అంతే. ఇలాంటి ఇంజన్ ఊరికే నిలబడి గంటకు లీటరు దాకా తాగేస్తుంది. గంటన్నర ప్రయాణంలో అరగంట నిలబడితే ఎంత పోతుందో మీరే చూసుకోండి.

ఇక మీ చేతిలో ఉన్న మిగతా సగం సంగతి.

మొదట సరిగ్గా కొలవండి. ఫ్యూయల్ గేజ్‌ను నమ్మవద్దు. ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి, తిరిగి, మళ్ళీ ఫుల్ కొట్టించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. బండి రెండుసార్లూ ఒకే చోట, వాలు లేకుండా నిలబెట్టాలి. కిలోమీటర్లకు మాత్రం ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకోండి. చాలామంది చూపు కోసం వెడల్పాటి, పెద్ద టైర్లు వేయిస్తారు. వాటితో స్పీడోమీటర్ లెక్క తప్పుతుంది, బండి బరువూ ఒరిపిడీ పెరుగుతాయి. మీవి అలాంటివైతే అసలు సైజుకు రావడమే మొదటి రిపేరు.

తర్వాత థర్మోస్టాట్, అంటే ఇంజన్ కాగేదాకా నీళ్ళను రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న వాల్వు. దీని దగ్గర కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పాత బళ్ళలో నేను మాటిమాటికీ చూసే లోపం ఇదే. హెడ్ ముందువైపు, రేడియేటర్ పై పైపు వచ్చి కలిసే చోట చిన్న మూత ఉంటుంది, రెండు మూడు బోల్టులు. దాన్ని విప్పితే లోపల రాగి రంగు బిళ్ళ లాంటి థర్మోస్టాట్ కనిపించాలి. విప్పి చూస్తే చాలా బళ్ళలో అక్కడ ఖాళీ గుంటే ఉంటుంది. ఎప్పుడో బండి వేడెక్కిందని వస్తే మెకానిక్ దాన్ని పీకేసి, మన ఎండలకు ఇది అక్కర్లేదని చెప్పి పంపించి ఉంటాడు. వేడెక్కడానికి అసలు కారణం మట్టి పట్టిన రేడియేటరో, అరిగిన వాటర్ పంపో అయి ఉంటుంది. థర్మోస్టాట్ లేకపోతే నీళ్ళు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లోకి పోతాయి, ఇంజన్ కాగాల్సినంత కాగదు. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, చల్లటి ఇంజన్ కోసం గాలి తగ్గించే చోక్‌ను ఎక్కువసేపు లాగి పెట్టాల్సి వస్తుంది, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను పెట్రోల్ కడిగేస్తుంది. డిసెంబరు పొద్దుటి చలిలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. రేడియేటర్ శుభ్రం చేయించి, కొత్త థర్మోస్టాట్ వేయించండి. రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాల్లో జీపు సామాన్లకు కొరత లేదు. పాత ముక్క చేత్తో పట్టుకెళ్ళి చూపించండి. పాత ముక్క అసలే లేకపోతే ఆ మూత విప్పి పట్టుకెళ్ళండి.

తర్వాతి పని స్పార్క్ ప్లగ్గులు. బండి ఓ పది కిలోమీటర్లు నడిపాక నాలుగూ విప్పి, ఏ సిలిండర్‌ది ఆ వరుసలోనే గుడ్డ మీద పెట్టండి. తెల్లటి పింగాణీ కొన మీద లేత గోధుమ రంగు ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. మసి వేలికి అంటుకునేంత నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు. నాలుగూ నల్లగా ఉంటే తప్పు కార్బొరేటర్‌లోనో చోక్‌లోనో ఎయిర్ ఫిల్టర్‌లోనో ఉంది. ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండర్ ప్లగ్గో, వైరో, వాల్వో చూడాలి. ఏళ్ళ తరబడి చెట్టు కింద ఉన్న బండి కాబట్టి కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టం చూసే తేలుడు బుడ్డి (ఫ్లోట్) కిందికి దిగి ఉండడం, పెట్రోల్‌ను ఆపే సూది అరిగి పెట్రోల్ పొంగడం జరిగి ఉండొచ్చు. రిపేర్ కిట్ వేసి, ఫ్లోట్ లెవెల్ కొలిచి పెట్టించండి. చోక్ నాబ్ లోపలికి నెట్టినా కింద కేబుల్ బిగుసుకుని ఫ్లాప్ సగం మూసుకునే ఉండొచ్చు. ఎయిర్ క్లీనర్ తీసి కళ్ళతో చూడండి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు కొత్తవి వేయించి, వాటి గ్యాప్, ప్లగ్గు మండే టైమింగ్, ట్యాపెట్లు (వాల్వుల సందు) ఒకే రోజు పెట్టించండి.

ఇది సరిగా చేశారో లేదో తెలుసుకోవడానికి మీకు తక్కువ ఖర్చులో ఒక పరీక్ష ఉంది. ఎలాగూ పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి కదా, ఆ చీటీలో కార్బన్ మోనాక్సైడ్ శాతం రాస్తారు. చాలామంది పాసా ఫెయిలా అని చూసి జేబులో పెట్టేసుకుంటారు. మీరు ఆ అంకె చూడండి. మీ బండి కాలం నాటి నాలుగు చక్రాల పెట్రోల్ బళ్ళకు పరిమితి 3 శాతం. ఆ అంకె ఎంత ఎక్కువైతే అంత పెట్రోల్ సగం కాలి సైలెన్సర్ నుంచి పోతున్నట్టు. కార్బొరేటర్ పనికి ముందొకటి, తర్వాతొకటి చీటీ తీసుకుని పక్కపక్కన పెట్టి చూసుకుంటే మెకానిక్ పనితనం తెలిసిపోతుంది.

బండి తేలిగ్గా దొర్లుతోందా అన్నది ఇంజన్ అంత ముఖ్యం. చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి చేత్తో నెట్టండి. ఒక్క మనిషి నెడితే కదలాలి. ఓ ఐదారు కిలోమీటర్లు బ్రేకు తక్కువగా వాడుతూ నడిపి, దిగి నాలుగు హబ్బుల దగ్గరా చేయి పెట్టి చూడండి, జాగ్రత్తగా. మిగతా మూడింటి కంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు షూ పట్టేసుకుందని అర్థం. నిలబడిపోయిన బళ్ళలో వీల్ సిలిండర్లు తుప్పు పట్టి ఇలా అవుతాయి. ఫోర్‌వీల్ గేర్ తారు రోడ్డు మీద తప్పనిసరిగా విడిపించి ఉండాలి.

ఇప్పుడు మనకు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్ సంగతి. ఇందులో ఐదో వంతు ఇథనాల్. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఈ20 కోసం తయారు కాని పాత కార్లలో 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదికే చెప్పింది. ఆ నష్టం మీరు భరించక తప్పదు. నాకు ఎక్కువ టెన్షన్ కలిగించేది మైలేజీ కాదు. జీపుల్లో ట్యాంకు సీటు కింద ఉంటుంది. పాత రబ్బరు పైపులను, పెట్రోల్ పంపులోని రబ్బరు పొరను (డయాఫ్రమ్) ఇథనాల్ మెత్తబరిచి పగలగొడుతుంది. మీ కింద పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న ప్రతి రబ్బరు ముక్కనూ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించండి. వచ్చే వారం కాదు, మళ్ళీ బండి తీసేలోపే. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ ఉంచి బండి ఆపేయకండి. ఎక్కువ ఆక్టేన్ ఖరీదైన పెట్రోల్ కొట్టిస్తే మైలేజీ వస్తుందని ఎవరైనా అంటే వినకండి. ఇంత తక్కువ కంప్రెషన్ ఇంజన్‌కు దాని అవసరం లేదు.

మీ మెకానిక్ చెప్పిన డీజిల్ ఇంజన్ మాట. ఆయన తప్పుడు ఉద్దేశంతో చెప్పలేదు. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోల్ రేట్లు భరించలేక మన దేశంలో ఎన్నో జీపులకు డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. మైలేజీ పెరిగే మాట నిజమే. కానీ ఈ రోజుల్లో ఆ పని చేయించవద్దని గట్టిగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసిన తీరుకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆర్‌సీలో ఒక ఇంజన్ నంబరు, బండిలో ఇంకొకటి ఉంటే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర మీరు ఇరుక్కుంటారు. ఇంకో నష్టం కూడా ఉంది. మీ బండి వయసు 50 ఏళ్ళు దాటింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల్లోకి అది రావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. ఇంజన్ తీసేసిన క్షణం ఆ అర్హత పోతుంది.

అలాగని వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పరుగెత్తకండి. అది పదేళ్ళు చెల్లుతుంది, కొత్తగా తీసుకుంటే ఫీజు 20,000 రూపాయలు. ఇప్పటికే నంబరున్న బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోల్ కోసమో, రిపేరుకో మాత్రమే తీయాలి. ఆఫీసుకు వేసుకెళ్ళే బండికి పనికొచ్చే కాగితం కాదది. ఆదివారాలు తిప్పుకోవాలన్నా, పండక్కి ఊరెళ్ళాలన్నా మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ, గ్రీన్ ట్యాక్స్ కడుతూ ఉంచుకోండి. పాత డీజిల్ బళ్ళు పదేళ్ళకే ఆపేయాలన్న నిబంధన ఢిల్లీ ప్రాంతానిది. దాన్ని చూపించి బండి తక్కువ ధరకు అడిగేవాళ్ళు వస్తారు, పట్టించుకోకండి.

రోజూ ఎందుకు వద్దంటున్నానంటే డబ్బు ఒక్కటే కారణం కాదు. ఆ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అన్నిటికీ కలిపి ఒకే లైను. ఎక్కడ లీకైనా పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. సీటు బెల్టు లేదు. ముందు వెళ్ళే కారు ఏబీఎస్‌తో ఆగినంత దూరంలో మీరు ఆగలేరు. సాయంత్రం పంజాగుట్టలో మీ వెనక బైకు మీద పిల్లను ఎక్కించుకుని వచ్చే మనిషి పీల్చేది మీ సైలెన్సర్ పొగ, దానికి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా హైటెక్ సిటీలో దిగుతారు. నాగోలు నుంచి రాయదుర్గం దాకా అంతా ఒకే లైను. వారంలో ఐదు రోజులు అలా వెళ్ళండి. పికప్‌ను ఆదివారం పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు ఘట్‌కేసర్ వైపో, భువనగిరి వైపో తీయండి. ఇంజన్ పూర్తిగా కాగేలా అరగంటకు తగ్గకుండా, యాభై లోపు వేగంతో. ఆ నడకలో మీకు ఎనిమిది కనిపిస్తుంది. బండి కూడా చెడకుండా ఉంటుంది.

నాన్నగారితో మాట్లాడేముందు ఆర్‌సీ తీసి రెండు విషయాలు చూడండి. వాహనం తరగతి దగ్గర గూడ్స్ అని ఉందేమో. పికప్ కాబట్టి ఉండే అవకాశం ఉంది. అలా ఉంటే సొంత బండిలా తిప్పడం కుదరదు, ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, సొంత వాడకానికి ఉద్దేశించిన వింటేజ్ నిబంధనా వర్తించదు. అప్పుడు ముందు తరగతి మార్పు గురించి ఆర్‌టీఏ ఆఫీసులో అడగాలి. రెండోది పేరు. తాతగారి పేరు మీదే ఉంటే వారసుడి పేరుకు మార్చడానికి ఫారం 31 ఇవ్వాలి. యజమాని చనిపోయిన మూడు నెలల్లోపు ఇవ్వాల్సింది కాబట్టి మీకు ఇప్పటికే ఆలస్యమైంది. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. ఆ మార్పు జరిగి మీ పేరున ఇన్సూరెన్స్ వచ్చేదాకా బండిని ఊళ్ళోనే ఉంచి, ఈలోపు పైపులు, బ్రేకులు, థర్మోస్టాట్ పని చేయించండి.